మందు ముందా, పేరు ముందా?

చెల్లీ, మోకాళ్ళ నొప్పి గురించీ, థైరాయిడ్ గురించీ మనం పెళ్ళిపందిట్లో కూర్చుని గొంతెత్తి చెప్పుకుంటాం. ఎవరి షుగరు ఎంతో వియ్యాలవారికి కూడా తెలుసు. ఒంటేలుకు వెళితే మంట అన్న సంగతి మాత్రం సొంత వదినకి కూడా సగమే చెబుతాం. "కొంచెం వేడి చేసింది వదినా" అంటాం. ఆవిడ బార్లీ కాచుకోమంటుంది, సబ్జా గింజలు నానబెట్టుకోమంటుంది, కొబ్బరిబొండం తెప్పిస్తుంది. రెండు రోజులు చూస్తాం. తగ్గకపోతే ఇంటాయన్ని మెడికల్ షాపుకు పంపుతాం. ఆయన అక్కడున్న నలుగురూ వెళ్ళిందాకా ఆగి, "మా ఆవిడకి యూరిన్ ఇన్ఫెక్షన్" అని గొణుగుతాడు. షాపబ్బాయి ఓ స్ట్రిప్పులోంచి ఆరు మాత్రలు కత్తిరించి కవర్లో వేస్తాడు. నాలుగు మింగేసరికి మంట తగ్గుతుంది. మిగతా రెండూ ఫ్రిజ్జు మీది డబ్బాలోకి చేరతాయి, వచ్చేసారికి పనికొస్తాయని.

ఇంత తతంగంలోనూ ఆ మంట పెట్టిన క్రిమి ఏదో ఎవరూ అడగలేదు చూశావా? ఈసారి మన ముచ్చటంతా దాని పేరు కనుక్కోవడం గురించే. పేరు తెలియడానికి ఇన్నాళ్ళూ రెండు మూడు రోజులు ఎందుకు పట్టింది, గంటలోనో రెండు గంటల్లోనో చెప్పేస్తామంటున్న కొత్త పరీక్షలు ఏమిటి, అవి మన బెజవాడ దాకా వచ్చేలోపు మనం చేయగలిగింది ఏమిటి. ఈ మాటలు కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు ఒకటి చెప్పనీ. ఇది నీ ఒక్కదానికే వచ్చిన తెగులు కాదు, నీ శుభ్రతకు పట్టిన మచ్చా కాదు. ఆడవాళ్ళలో సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. మూత్రాశయం నుంచి బయటికి వచ్చే నాళం మనకు 4 సెంటీమీటర్లే ఉంటుంది, మగవాళ్ళకి 20 దాకా ఉంటుంది. పేగుల్లో ఏ గొడవా లేకుండా కాపురం చేసుకునే ఈ-కోలి అనే బాక్టీరియా ఆ కాస్త దూరం పైకి పాకితే చాలు, మంట మొదలు. థియోడోర్ ఎషరిక్ అనే పిల్లల వైద్యుడు 1885లో పసివాళ్ళ మలంలో దీన్ని కనిపెట్టాడు. మామూలు మూత్ర ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడొంతులు దీని పనే. మిగిలిన వంతులో క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఎంటరోకాకస్, సూడోమోనాస్ లాంటివి ఉంటాయి. లక్షణాలు అన్నిటికీ ఒకటే: మంట, మాటిమాటికీ పరుగు, పొత్తికడుపులో పోటు. లొంగే మందులు మాత్రం ఒకటి కావు.

మన ప్రాంతంలో ఇది ఎందుకింత ఎక్కువగా వినిపిస్తుందో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు. బీసెంట్ రోడ్డులో చీరల షాపుకి వెళ్ళినప్పుడు నీకు వంద చీరలు విప్పి చూపించే అమ్మాయిని ఒకసారి అడుగు, పొద్దుటి నుంచి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగావని. తాగితే వెళ్ళాలి, వెళ్ళాలంటే చోటుండాలి, చోటున్నా సూపర్‌వైజరుని అడగాలి. అందుకని తాగడమే మానేస్తుంది. దివిసీమలో నాట్లు వేసే కూలీలదీ అదే లెక్క. చుట్టూ కాలవల నిండా నీళ్ళే, చాటు మాత్రం లేదు. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కుని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోకి ఎక్కించాయి. కూర్చోడానికే చట్టం కావలసివచ్చినప్పుడు, లేచి బాత్రూముకు వెళ్ళడానికి ఏం తేవాలో మరి! 2018లోనే అచ్చయిన ఒక అధ్యయనంలో, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళలో కొందరి చేత రోజూ మామూలుకంటే 1.5 లీటర్ల నీళ్ళు అదనంగా తాగించారు. ఏడాదిలో వాళ్ళకి వచ్చిన ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మన అమ్మమ్మల బార్లీ నీళ్ళలో ఉన్న మహిమ నా మటుకు నాకు బార్లీది కాదు, నీళ్ళది.

సరే, ల్యాబు దాకా వెళ్ళావనుకో. సూర్యారావుపేట, గవర్నరుపేట సందుల్లో ఆసుపత్రులకీ ల్యాబులకీ కొదవలేదు కదా. అక్కడ ముందుగా రాసేది సీయూఈ అనే మామూలు మూత్ర పరీక్ష. గంటలో రిపోర్టు ఇస్తారు. అందులో "పస్ సెల్స్ 15-20" అని ఉంటే నీ ఒంట్లోని తెల్లకణాలు ఎవరితోనో పోట్లాడుతున్నాయని అర్థం. ఎవరితోనో అందులో ఉండదు. మూత్రంలో ముంచి రంగు చూసే కాగితం పట్టీ ఇంకొకటి ఉంది. ఈ-కోలి లాంటివి మూత్రంలోని నైట్రేటుని నైట్రైటుగా మారుస్తాయి, పట్టీ మీద గడి గులాబీ రంగుకి తిరుగుతుంది. అయితే ఆ మార్పు జరగడానికి మూత్రం లోపల నాలుగు గంటలన్నా నిలవుండాలి. మంట మీద ఉన్న మనిషి అరగంటకోసారి పరుగెత్తుతుంటే నిలవ ఎక్కడుంటుంది? పైగా ఎంటరోకాకస్‌కి ఆ విద్యే రాదు. కాబట్టి పట్టీ రంగు మారితే నమ్మొచ్చు, మారలేదని నిశ్చింతగా ఉండలేం.

పేరు కావాలంటే యూరిన్ కల్చర్ చెయ్యాలి. సన్నని తీగ ఉంగరంతో ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు మూత్రం తీసుకుని, పోషకాలు కలిపిన అగర్ పలక మీద గీస్తారు. ఆ అగర్ వెనక ఒక ఇల్లాలుందని నీకు తెలుసా? 1881లో జర్మనీలో రాబర్ట్ కోక్ ప్రయోగశాలలో జెలటిన్ పలకలు వేడికి కరిగిపోతుంటే, అక్కడ పనిచేసే వాల్తేర్ హెస్సే భార్య ఫానీ, తన వంటింట్లో జెల్లీలు గట్టిపడటానికి వాడే అగర్ వేసి చూడమంది. ఈ రోజుకీ ప్రపంచంలోని కల్చర్ ల్యాబులన్నీ ఆవిడ సలహా మీదే నడుస్తున్నాయి. పలకని ఒంటి వేడి ఉండే పెట్టెలో పెట్టి తెల్లారేదాకా వదిలేస్తారు. పాలు తోడుపెట్టి పడుకోవడం లాంటిదే: ఎంత తొందరున్నా గిన్నె కదపడానికి లేదు. మర్నాటికి ఒక్కో బతికిన బాక్టీరియా ఒక్కో చుక్కంత గుంపై కనిపిస్తుంది. వంద గుంపులున్నాయంటే మిల్లీలీటరుకి లక్ష బాక్టీరియా అని లెక్క. 1950లలో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు పెట్టిన ఆ లక్ష గీతే చాలా కాలం రాజ్యమేలింది. మంట ఉన్న మనిషిలో అంతకంటే చాలా తక్కువున్నా జబ్బే అని తర్వాత తేలింది.

అక్కడితో అయిందా? లేదు. ఆ గుంపుని తీసి ఇంకో పలక మీద పరిచి, రకరకాల యాంటీబయాటిక్‌లు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టి మళ్ళీ ఒక రాత్రి ఆగాలి. ఏ బిళ్ళ చుట్టూ క్రిమి పెరగకుండా ఖాళీ వలయం ఏర్పడిందో ఆ మందు పనిచేస్తుందన్నమాట. ఆ వలయం కొలతల్ని బట్టే రిపోర్టులో సెన్సిటివ్, రెసిస్టెంట్ అని రాస్తారు. మొత్తం రెండు రోజులు. మధ్యలో ఆదివారం వచ్చిందా, మూడు.

మంటతో ఏడుస్తున్న మనిషిని రెండు రోజులు ఆగమని ఏ డాక్టరమ్మ చెప్పగలదు? అనుభవం మీద ఊహించి ఒక మందు రాస్తుంది. రిపోర్టు వచ్చేసరికి సగం కోర్సు అయిపోయి ఉంటుంది. మందు పనిచేస్తే ఆ కాగితం ఎవరూ చూడరు, పనిచేయకపోతే మళ్ళీ వస్తాం. అందుకే "కల్చర్ ఎందుకులే, డబ్బు దండగ" అనే మాట పుట్టింది. ఆ మాట అనే ఆడవాళ్ళని నేను తప్పుపట్టను. పెళ్ళయ్యాక వచ్చే శుభలేఖని ఎవరు మాత్రం దాచుకుంటారు?

ఈ ఊహ వైద్యం ఇన్నేళ్ళు సాఫీగా నడవడం వెనక మన భీమవరం మనిషి కూడా ఉన్నాడు. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహిస్తుండగా, బెంజమిన్ డుగ్గర్ మట్టిలోంచి ఏరిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ల వంశానికి మూలపురుషుడు. రకరకాల బాక్టీరియా మీద ఒకే మాత్ర పనిచేయడం అప్పట్లో ఎంత పెద్ద వరమో ఊహించు. క్రిమి పేరు తెలియకపోయినా మనిషి బతికేవాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని కూడా ప్రయోగశాలలో తయారుచేసింది. బాక్టీరియాని ఆ ఫోలిక్ యాసిడ్ తయారు చేసుకోనివ్వకుండా అడ్డుకునే ట్రైమెథోప్రిమ్, సల్ఫా జోడీనే తర్వాత రోజుల్లో మూత్ర ఇన్ఫెక్షన్లకు ఊరూరా రాశారు. ఇంతటి ఆయుధాలు చేతికొచ్చాక పేరు అడిగే ఓపిక ఎవరికుంటుంది? మనకీ, వైద్యులకీ, షాపబ్బాయికీ అదే అలవాటైపోయింది.

ఆ వరం ఇప్పుడు అరిగిపోయింది. భారత వైద్య పరిశోధన మండలి ఏటా ఇచ్చే నివేదికలు చూస్తే, మన దేశపు ఈ-కోలి మీద ఒకనాటి నమ్మకమైన సిప్రోఫ్లాక్సాసిన్, సెఫలోస్పోరిన్ల బలం బాగా తగ్గిపోయిందని తెలుస్తుంది. చిట్టచివరికి వాడే కార్బపెనెమ్ మందులకి కూడా లొంగనివి పెరుగుతున్నాయి. మూత్రంలో దొరికే ఈ-కోలి మీద ఇంకా బాగా పనిచేస్తున్నవి నైట్రోఫ్యూరంటాయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటి పాతకాలపు మందులే. ఆ కార్బపెనెమ్‌లని కూడా విరగ్గొట్టే ఎన్‌డీఎం-1 అనే ఎంజైము సంగతి పేపర్లలో చదివే ఉంటావు. 2009లో శాస్త్రవేత్తలు దాన్ని మొదట వర్ణించింది ఎవరి నుంచి తీసిన క్రిమిలోనో తెలుసా? న్యూఢిల్లీ ఆసుపత్రిలో చేరి స్వీడన్ తిరిగి వెళ్ళిన, భారతీయ మూలాలున్న ఒక రోగి మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లా అది. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. ఢిల్లీ పేరు ఎందుకు పెట్టారని మనవాళ్ళు చాలా గొడవ చేశారు. పేరు మీద చేసిన గొడవలో పదో వంతు మాత్రల మీద చేసి ఉంటే బాగుండేదని నా గొణుగుడు.

ఇక్కడ మన డెల్టా గురించి ఒకటి చెప్పకుండా ఉండలేను. కైకలూరు, బందరు వైపు రొయ్యల చెరువులు చూశావుగా. యూరప్‌కి వెళ్ళాల్సిన రొయ్యని పట్టడానికి ముందే, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా సంస్థ ల్యాబులో పరీక్ష చేయించాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల జాడ వంద కోట్లలో ఒక వంతు స్థాయిలో ఉన్నా కూడా సరుకు వెనక్కి రావచ్చు. ఆ నైట్రోఫ్యూరాన్ల కుటుంబంలోదే మనకి రాసే నైట్రోఫ్యూరంటాయిన్. రొయ్యకి ఇవ్వడం నిషేధం, మంచిదే. కానీ ఒక టన్ను రొయ్య పెట్టెక్కే ముందు ల్యాబు కాగితం కావాలి, దాన్ని ఒలిచి శుభ్రం చేసే అమ్మాయికి మంట వస్తే కాగితం లేకుండానే మాత్ర దొరుకుతుంది. రొయ్య వెనక డాలర్లున్నాయి మరి.

చట్టం లేదని కాదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనేది అమల్లో ఉంది. సెఫిక్సిమ్ లాంటి మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాళ్ళు కొన్నవారి పేరు పుస్తకంలో రాసుకోవాలి. కేరళ 2018లో యాంటీబయాటిక్‌ల కట్టడికి రాష్ట్రస్థాయి ప్రణాళిక తెచ్చింది, తర్వాత మన ఆంధ్రప్రదేశ్ కూడా తెచ్చింది. ఆ పుస్తకంలో పేరు రాయించుకున్న ఆడమనిషిని నేను ఇంతవరకూ కలుసుకోలేదు. నువ్వు కలుసుకుంటే చెప్పు.

ఇక అసలు సంగతికి వద్దాం. తోడుపెట్టకుండానే పేరు కనుక్కోవడం ఎలా?

నాకు ఎక్కువ ముచ్చటేసింది మన రామన్‌గారి దారి. విశాఖపట్నంలో బడిచదువు చదువుకున్న సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న కనిపెట్టిన సంగతి గుర్తుందిగా: ఒకే రంగు కాంతి ఒక పదార్థం మీద పడి చెదిరినప్పుడు, అందులో అతికొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఎంత మారిందన్నది ఆ పదార్థంలోని అణువుల అల్లికని బట్టి ఉంటుంది. బాక్టీరియా కూడా అణువుల మూటే కదా. ఈ-కోలి మీద లేజర్ వేస్తే ఒక తీరు గీతలు, ఎంటరోకాకస్ మీద వేస్తే ఇంకో తీరు గీతలు. జర్మనీలో యేనా నగరపు పరిశోధకులు మూత్రపు బొట్టుని ఒక చిన్న పళ్ళెంలో వేసి గిరగిరా తిప్పారు. అందులోని బాక్టీరియా పళ్ళెం అంచున చెక్కిన బుల్లి గుంటల్లోకి వచ్చి చిక్కుకున్నాయి. వాటి మీద లేజర్ వేసి, వచ్చిన గీతల్ని ముందే దాచుకున్న నమూనాలతో పోల్చి, గంట చిల్లరలో పేరు చెప్పగలిగారు. పెంచడం లేదు, రాత్రి ఆగడం లేదు. అలాగని రేపే మన వీధి ల్యాబుకి వచ్చేస్తుందని ఆశపడకు. ఇది సాధ్యమే అని నిరూపించిన పని, బజార్లోకి వచ్చిన యంత్రం కాదు. మూత్రంలో బాక్టీరియా తక్కువున్నా, రెండు మూడు రకాలు కలిసి ఉన్నా గీతలు చదవడం కష్టమవుతుంది.

రెండో దారి జన్యువుల్ని వెతకడం. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకున్నాం కదా, ఆ ఆర్‌టీ-పీసీఆర్ తరహా పనే. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే చిన్న యంత్రాన్ని 2020లో మన రాష్ట్రంలో కరోనాకి బాగా వాడారు, దాని అసలు పని టీబీని పట్టుకోవడం. టీబీకి ఉన్న సౌకర్యం మూత్ర ఇన్ఫెక్షన్‌కి ఎందుకు లేదని నువ్వడగొచ్చు. టీబీలో వెతకాల్సింది ఒక్క క్రిమిని, మొండితనం చూపించే కొద్దిపాటి జన్యు మార్పుల్ని. మూత్రంలో పది పన్నెండు రకాల అనుమానితులు, ఒక్కోదానికి మందుల్ని ఎదిరించే జన్యువులు కొల్లలు. ఇంకో చిక్కుంది: ఈ పరీక్ష జన్యువునే చూస్తుంది గాని, అది బతికున్న క్రిమిదో చచ్చినదాని అవశేషమో చెప్పలేదు.

మూడో దారి వాళ్ళు పేరు జోలికే పోలేదు. అది నాకు భలే నచ్చింది. బ్రిటన్‌లో 2014లో లాంగిట్యూడ్ ప్రైజ్ పోటీ పెట్టారు. సముద్రంలో ఓడ ఎక్కడుందో రేఖాంశం కనుక్కున్నవాళ్ళకి బహుమతి ఇస్తామని 1714లో ఆ దేశ పార్లమెంటు ప్రకటించింది కదా, దాని జ్ఞాపకంగా ఆ పేరు. ఏ సమస్యకి ఇవ్వాలని జనాన్ని అడిగితే యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములకి ఓటేశారు. పదేళ్ళకి, 2024 జూన్‌లో, 80 లక్షల పౌండ్ల బహుమతి స్వీడన్‌లోని ఉప్సలాలో పుట్టిన పీఏ-100 అనే పరికరానికి దక్కింది. అర మిల్లీలీటరు కూడా అక్కర్లేదు, 400 మైక్రోలీటర్ల మూత్రం చాలు. ఒక చిప్పు మీద తీసిన వేలాది సన్నటి కాలవల్లో బాక్టీరియాని ఇరికించి, కొన్ని కాలవల్లోకి ఒక మందు, కొన్నింట్లోకి ఇంకో మందు వదులుతారు. కెమెరా చూస్తూ ఉంటుంది. ఏ మందు తగిలిన చోట పెరుగుదల ఆగిందో అదే జవాబు. ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్నది 15 నిమిషాల్లో, ఐదు మందుల్లో ఏది పనిచేస్తుందన్నది 45 నిమిషాల్లో చెబుతుంది. క్రిమి పేరు మాత్రం చెప్పదు. ఎన్‌డీఎం-1 మొదట బయటపడ్డ దేశం నుంచే ఇది రావడం చూస్తే, మూత్రం సీసాని వాళ్ళెంత పట్టించుకున్నారో అనిపిస్తుంది.

మనవాళ్ళూ ఊరుకోలేదు. హైదరాబాద్‌లోని బిట్స్ పిలానీ క్యాంపస్‌లో ప్రొఫెసర్ సుమన్ కపూర్ బృందం రైట్‌బయోటిక్ అనే పరికరం తయారుచేసింది. మూత్ర ఇన్ఫెక్షన్‌కి ఏ యాంటీబయాటిక్ సరిపోతుందో నాలుగు గంటల్లో చెప్పాలన్నది దాని లక్ష్యం. ఉదయం శాంపిల్ ఇచ్చి, మధ్యాహ్నం భోంచేసి వచ్చి, చీటీ రాయించుకుని సాయంత్రం బస్సెక్కే లెక్క. అవనిగడ్డ నుంచి వచ్చిన మనిషికి 45 నిమిషాలకీ నాలుగు గంటలకీ తేడా పెద్దగా లేదు. ఆ రోజే ఇంటికి వెళ్ళడమా, ఇంకో రోజు కూలి పోగొట్టుకుని రావడమా అన్నదే తేడా. పుణేలో మాడ్యూల్ ఇన్నొవేషన్స్ అనే సంస్థ క్రెడిట్ కార్డంత పట్టీ మీద పనిచేసింది. తరచూ మూత్రంలో దొరికే నాలుగు రకాల బాక్టీరియాని రంగు మార్పుతో చూపించడం దాని పని. యంత్రం, కరెంటు అక్కర్లేని ఇలాంటివే మన పల్లె ఆసుపత్రులకి ముందు రావాలని నా ఆశ. పెద్ద ల్యాబుల్లో మాల్డీ-టాఫ్ అనే ఖరీదైన యంత్రం ఒకటుంటుంది, నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది. కాకపోతే సాధారణంగా దానికి పలక మీద పెరిగిన గుంపు అందించాలి, అంటే ఒక రాత్రి ఎలాగూ ఆగాలి.

ఇంత చెప్పి, తొందర పరీక్షల మీద ఒక అనుమానం కూడా చెప్పకపోతే నా మనసొప్పదు. పేరు దొరికిందంటే జబ్బు దొరికినట్టు కాదు. ఏ బాధా లేని ఆడవాళ్ళ మూత్రంలో కూడా బాక్టీరియా ఉండొచ్చు, వయసు మీదపడ్డ కొద్దీ మరీనూ. అత్తగారికి హెల్త్ చెకప్ చేయించావు, రిపోర్టులో పస్ సెల్స్ ఉన్నాయి, ఆవిడకి మంటా లేదు జ్వరమూ లేదు. అలాంటప్పుడు ఆ కాగితానికి మందు వేయకూడదు. ఎక్కువ చూపించే పరీక్ష ఎక్కువ మాత్రలు మింగించగలదు, అది మర్చిపోకు.

దీనికి పెద్ద మినహాయింపు గర్భిణులు. కడుపుతో ఉన్నవాళ్ళకి బాధ లేకపోయినా మొదటి నెలల్లో ఒకసారి యూరిన్ కల్చర్ చేయించాలి. బాక్టీరియా ఉండి, వైద్యం చేయకపోతే వాళ్ళలో నూటికి 20, 30 మంది దాకా కిడ్నీ ఇన్ఫెక్షన్‌లో పడతారు, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదమూ ఉంది. మీ ఇంట్లో పిల్ల పుట్టింటికి వచ్చి ఉంటే, సీమంతం గాజులతో పాటు దాని ఫైల్లో కల్చర్ కాగితం ఉందో లేదో చూడు. సీయూఈ ఉంటే చాలదు.

షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ తరగతి మాత్రలు వాడుతున్నవాళ్ళ సంగతి ఇంకోటి. ఆ మందు చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపేస్తుంది. దాంతో కింద ఫంగస్ చేరి దురద, మంట రావచ్చు. ఫంగస్‌కి యాంటీబయాటిక్ వేస్తే తగ్గకపోగా పెరుగుతుంది. ముట్లుడిగిన వాళ్ళకి మాటిమాటికీ వస్తుంటే దానికి కారణం ఈస్ట్రోజెన్ తగ్గడం కావచ్చు, లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీముతో చాలామందికి ఊరట దొరుకుతుంది. సిగ్గుపడకుండా గైనకాలజిస్టుని అడుగు, అది మాత్రల కంటే నయం.

మరి ఆ కొత్త యంత్రాలు వచ్చేలోపు? పాత కల్చరే మనకి దిక్కు, కాబట్టి దాన్ని సరిగ్గా ఇద్దాం. శాంపిల్ ఎప్పుడూ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వు. రెండు మాత్రలు మింగి ఇస్తే క్రిమి పలక మీద పెరగకపోవచ్చు, "నో గ్రోత్" అని రాసేస్తారు, నువ్వేమో జబ్బు లేదనుకుంటావు. ల్యాబువాళ్ళిచ్చే సీల్ తీయని డబ్బానే వాడు, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. మంచినీళ్ళతో కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది పట్టు. శాంపిల్ ఇచ్చాక, డాక్టరమ్మ ఊహించి రాసిన మందు నిశ్చింతగా మొదలుపెట్టు. రిపోర్టు వచ్చాక మార్చాల్సివస్తే ఆవిడే మారుస్తుంది.

మన ఎండల్లో అసలు గండం దారిలో ఉంది. మంచి వేడి దొరికితే ఈ-కోలి 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. బందరులో పొద్దున పట్టిన శాంపిల్ 70 కిలోమీటర్లు సంచిలో ప్రయాణం చేసి మధ్యాహ్నానికి బెజవాడ చేరితే, నాలుగు బాక్టీరియా నలభై వేలై కూర్చుంటాయి. లేని జబ్బు కాగితం మీదికి ఎక్కుతుంది. రెండు గంటల్లోపు ల్యాబుకి చేరకపోతే శాంపిల్‌ని ఫ్రిజ్జులో ఉంచాలి, అలా ఉంచితే ఒక రోజు ఆగుతుంది. ఊళ్ళో కలెక్షన్ సెంటరు అబ్బాయిని మొహమాటం లేకుండా అడుగు: "ఇది ఎన్నింటికి బయలుదేరుతుంది బాబూ, ఐస్ పెట్టెలో పెడతావా?" అని. వాడు చిరాకుపడితే పడనీ.

చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం ఉంటే మాత్రం ఈ ముచ్చట్లన్నీ కట్టిపెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్ళు. కడుపుతో ఉన్నా అంతే. ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా వెళ్ళిందంటే, నైట్రోఫ్యూరంటాయిన్ లాంటి మూత్రాశయం మందులు దానికి చాలవు. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నా ఆలస్యం చేయకూడదు.

రిపోర్టు ఆలస్యంగా వచ్చిందని చించి పారెయ్యకు. అందులో క్రిమి పేరుంటుంది, దాని కింద ఏ మందుకి లొంగింది, దేనికి లొంగలేదు అన్న పట్టిక ఉంటుంది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రావడం మామూలే. అప్పుడు డాక్టరమ్మకి ఊహించడానికి ఆ పాత కాగితమే ఆధారం. ల్యాబు కాగితం మీది సిరా మాసిపోవచ్చు, కాబట్టి ఫోటో తీసి పెట్టుకో. ఇంటాయన ఫోన్లో కాదు, నీ ఫోన్లో.